చీలిన కొమ్మకు రైతు పేరు
కృషికార్ లోక్ పార్టీ నుంచి అన్న తెలుగుదేశం దాకా – కృష్ణా దిగువ డెల్టా కూలీలు నేర్చుకోవలసినది

గుడివాడ నుంచి బందరు పోయే దారిలో ఏ ఊళ్ళో దిగినా, పులిగడ్డ దాటి దివిసీమలో ఏ పేటలో కూర్చున్నా మన సంఘం కార్యకర్తలకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఆళ్ళకీ ఆళ్ళకీ పడక బయటికొచ్చారంట. కొత్త పార్టీ అంట, రైతుల పార్టీ అంట. మరి మనం ఎటుండాలి అన్నా?"

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసివేయరాదు. అడిగేవాడు అమాయకుడు కాదు. రేపు నాట్లకు పిలిచేదీ, పొలం కౌలుకిచ్చేదీ, అవసరానికి నాలుగు వేలు అప్పిచ్చేదీ ఆ కొత్త పార్టీ జెండా పట్టిన ఆసామే. ఎటుండాలన్నది కూలివాడికి ఓటు ప్రశ్న మాత్రమే కాదు, పొయ్యి మీద ఎసరు ప్రశ్న కూడా. అందుకే "పాలకవర్గ పార్టీలన్నీ ఒకటే, పట్టించుకోవద్దు" అని ఒక్క ముక్కలో తేల్చి ఊరుకుంటే మనం జవాబు చెప్పినట్టు కాదు.

పెద్ద పార్టీలో చీలిక రావడం, చీలినవాళ్ళు "మేమే అసలైన రైతు పక్షం" అనడం, కొన్నాళ్ళు హడావుడి చేసి మళ్ళీ పాత గూటికో కొత్త గూటికో చేరడం మన గడ్డకు కొత్త కాదు. డెబ్బై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది దీనికి. ఆ చరిత్రలో మొదటి పాఠం పేరు కృషికార్ లోక్ పార్టీ. నేటి యువకార్యకర్తల్లో చాలామంది ఆ పేరు కూడా విని ఉండరు. కాని ఆ పాఠం చదివినవాడికి ఈనాటి సంగతి చెప్పనక్కరలేదు.

చీలిక ఎలా వచ్చింది?

1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి పోటీ జరిగింది. ఒకవైపు ఆచార్య ఎన్.జి.రంగా, మరోవైపు నీలం సంజీవరెడ్డి. సంజీవరెడ్డి గెలిచారు. రంగా, టంగుటూరి ప్రకాశం కాంగ్రెసు నుంచి బయటికి వచ్చి ప్రజా పార్టీ పెట్టారు. కొద్ది నెలల్లోనే ఆ ఇద్దరి దారులూ వేరయ్యాయి. ప్రకాశం ఆచార్య కృపలానీ పెట్టిన కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ వైపు వెళ్ళారు. రంగా కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. చీలికలో మళ్ళీ చీలిక అన్నమాట.

ఇక్కడ మనం ఒక న్యాయం పాటించాలి. రంగా నిన్నగాక మొన్న పుట్టుకొచ్చిన పెత్తందారు కాదు. 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టిన ఆయన 1930లలో వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలబడ్డారు. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నడిపారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షుడైతే కార్యదర్శి రంగాయే. జమీందారుపై రైతు చేసిన పోరాటంలో ఆయన పాత్రను కాదంటే చరిత్రకు ద్రోహం చేసినట్టవుతుంది.

మరి తేడా ఎక్కడ వచ్చింది? జమీందారు ఉన్నంతకాలం 'రైతు' అనే మాట అందరినీ కలిపింది. శిస్తు కట్టే రైతు, కౌలు చేసే రైతు, రోజు కూలికి పోయే మనిషి అంతా ఒక గట్టున, జమీందారు మరో గట్టున. చల్లపల్లి జమీందారీ మీద దివి తాలూకా జనం తిరగబడ్డ రోజుల్లో ఈ ఐక్యతే వారి బలం. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. జమీందారు పక్కకు తప్పుకోగానే 'రైతు' అన్న ఒక్క పేరు కింద ముగ్గురు మనుషులు ఉన్నారన్న సంగతి బయటపడింది. నూరెకరాల మాగాణి ఉండి గట్టు మీద గొడుగేసుకుని నిలబడే వాడొకడు. ఆ పొలాన్నే ఎకరాకిన్ని బస్తాలని మక్తాకు తీసుకుని వానకూ వరదకూ తానే పూచీ పడేవాడు ఇంకొకడు. వంగి నాటు వేసేవాడూ, ముఖ్యంగా వేసేదీ మూడో మనిషి. ముగ్గురి పేరూ రైతే. ముగ్గురి కడుపు మాత్రం ఒకటి కాదు.

కృషికార్ లోక్ పార్టీ మొదటి మనిషికి గొంతు ఇచ్చింది. రెండో మనిషిని వెంట రమ్మంది. మూడో మనిషి గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు "రైతు బాగుంటే కూలీ బాగుంటాడు" అన్న మాటతో సరిపెట్టింది. ఆ మాట మీరు నిన్న కూడా విని ఉంటారు.

1952: దిగువ డెల్టా చెప్పిన జవాబు

1952లో మొదటి సాధారణ ఎన్నికలు. అప్పటి మద్రాసు శాసనసభలో కృషికార్ లోక్ పార్టీ 15 స్థానాలు గెలుచుకుంది. చిన్న పార్టీయే, కాని ఎవరికీ పూర్తి మెజారిటీ లేని సభలో పదిహేను మందంటే తూకంలో బరువే. ఆంధ్ర ప్రాంతపు 140 స్థానాల్లో కమ్యూనిస్టులకు 41 వచ్చాయి. బందరు నుంచి సనకా బుచ్చికోటయ్య, గుడివాడ నుంచి కె.గోపాలరావు కమ్యూనిస్టు అభ్యర్థులుగా లోక్‌సభకు వెళ్ళారు. నిర్బంధం, జైళ్ళు, రహస్య జీవితం చూసి వచ్చిన పార్టీకి దిగువ డెల్టా పేదలు వేసిన ఓటది.

ఆ ఓటును చూసి డెల్టా మోతుబరులకు నిద్ర పట్టలేదు. కాంగ్రెసులో ఉన్న మోతుబరికీ, కృషికార్ లోక్ పార్టీలో ఉన్న మోతుబరికీ మధ్య ఉన్న తగాదా నాయకత్వపు తగాదా. కూలి సంఘంతో ఇద్దరికీ ఉన్న తగాదా మాత్రం భూమి తగాదా. మొదటిది అన్నదమ్ముల వాటా గొడవ లాంటిది. ఇంటికి బయటివాడు వచ్చాడనుకోగానే సర్దుకుపోతుంది. అదే జరిగింది.

1954 నవంబరు – 1955 ఫిబ్రవరి: మూడు నెలల ముచ్చట

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ప్రకాశం ముఖ్యమంత్రి. మద్యనిషేధం అమలులో ఎక్కువ దెబ్బ తిన్నది కల్లుగీత కార్మికులు. దానిపై వేసిన రామమూర్తి కమిటీ నివేదికను ప్రభుత్వం అమలు చేయకపోవడంతో అసంతృప్తి పెరిగింది. కృషికార్ లోక్ పార్టీలో గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన గట్టిగా నిలబడ్డారు. ఆ డిమాండు న్యాయమైనది, సందేహం లేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంపై ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది.

ఇంతవరకు చూసినవాడు ఏమనుకుంటాడు? ఈ చిన్న పార్టీ పేదవాడి కోసం ప్రభుత్వాన్నే పడగొట్టింది, ఇక మన పక్కనే ఉంటుంది అనుకుంటాడు. మరి మూడు నెలలు తిరక్కుండా ఏం జరిగింది?

1955 ఫిబ్రవరి ఎన్నికలకు కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒకే కూటమిగా ఏర్పడ్డాయి. కమ్యూనిస్టు అభ్యర్థికి ఎదురుగా ఒకే ఒక్క అభ్యర్థి ఉండాలన్నది వారి సూత్రం. బొంబాయి నుంచి ఎస్.కె.పాటిల్ దిగి ప్రచారం నడిపించారు. నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ మాస్కో పత్రిక ప్రావ్దా జనవరిలో రాసిన సంపాదకీయాన్ని అచ్చు వేసి ఊరూరా పంచారు. "కమ్యూనిస్టులొస్తే సెంటు భూమి కూడా మిగలదు" అని అరెకరం రైతును సైతం భయపెట్టారు.

ఫలితం అందరికీ తెలిసినదే. 196 స్థానాల్లో కాంగ్రెసుకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5. కమ్యూనిస్టులకు 15. అయితే ఓట్లు తగ్గాయా? లేదు. నూటికి ముప్పై ఒక్క ఓట్లు ఎర్రజెండాకే పడ్డాయి. 1952 కంటే ఎక్కువే. గుడివాడకు పొరుగునున్న గన్నవరం నుంచి పుచ్చలపల్లి సుందరయ్య గెలిచారు. ఓట్లు పెరిగి సీట్లు కరిగిపోయాయి. ఎందుకంటే అవతల చీలికలు మాసిపోయాయి.

ఆ తర్వాత? బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెసులో కలిసిపోయింది. నాలుగేళ్ళ క్రితం ఏ గడప దాటి వచ్చారో ఆ గడపే తొక్కారు. 'రైతుల సొంత పార్టీ' ఆయుర్దాయం ఒక పంచవర్ష ప్రణాళికంత కూడా లేదు.

మనం గమనించవలసిన సంగతి ఇది. చిన్న పార్టీ మోసం చేసిందని తిట్టుకోవడం కాదు. తన వర్గానికి అది ఏ మోసమూ చేయలేదు. తన వాళ్ళకు అవసరమైనప్పుడు చీలింది, తన వాళ్ళకు అవసరమైనప్పుడు కలిసింది. రెండుసార్లూ నష్టపోయింది, దాన్ని నమ్మి వెంట నడిచిన చిన్న రైతు, కౌలుదారు.

1959: అదే పాట, పెద్ద వేదిక

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు మహాసభ భూపరిమితి విధించాలనీ, ఉమ్మడి సహకార సేద్యం వైపు పోవాలనీ తీర్మానించింది. అది తీర్మానమే, అమలు కాలేదు. ఉమ్మడి సేద్యం మన ఊళ్ళలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. కాని ఆ తీర్మానం కాగితం మీదికి రావడమే చాలు, రంగా మళ్ళీ కాంగ్రెసు వదిలారు. ఆ ఏడాదే రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగా దాని అధ్యక్షుడు. ఈసారి రైతు పక్కన మిల్లు యజమాని, మాజీ సంస్థానాధీశుడు కూడా కూర్చున్నారు. మన రాష్ట్ర శాసనసభలో ఆ పార్టీకి 1962లో 19, 1967లో 29 స్థానాలు వచ్చాయి.

నాగపూరులో నెహ్రూ తీర్మానాన్ని కాంగ్రెసులో ఉండే ఎదిరించిన మరో నాయకుడు ఉత్తరప్రదేశ్‌కు చెందిన చరణ్‌సింగ్. ఆయన 1967లో కాంగ్రెసు చీల్చుకుని బయటికి వచ్చారు. 1974లో ఆయన నాయకత్వాన భారతీయ లోక్‌దళ్ ఏర్పడితే స్వతంత్ర పార్టీ అందులో కలిసిపోయింది. రంగా మళ్ళీ కాంగ్రెసుకు వచ్చి 1980 నుంచి గుంటూరు లోక్‌సభ సభ్యుడిగా కొనసాగారు. ఇలా చూస్తే ఇది మన జిల్లాల పిచ్చి కాదు. దేశంలో నీటి వసతి ఉండి మిగులు పంట పండే చోటల్లా ధనిక రైతాంగం తన బలం తాను తెలుసుకుని పెద్ద పార్టీతో బేరం ఆడింది. చీలిక ఆ బేరానికి ఒక పద్ధతి.

ఆ బేరంలో వారికి దక్కిందేమిటో అంకెల్లో చూడండి. 1961లో మన రాష్ట్రం చేసిన మొదటి భూపరిమితి చట్టంలో పరిమితి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా! అది పరిమితా, పట్టాభిషేకమా? 1973లో రెండో చట్టం వచ్చి మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు అని దించేనాటికి పంపకాలు, బినామీలు, కొత్త పట్టాలు ఎప్పుడో పూర్తయిపోయాయి. పరిమితి చట్టాన్ని ఆపలేకపోయినా ఆలస్యం చేయగలిగితే చాలునని వారికి తెలుసు. పన్నెండేళ్ళంటే ఇద్దరు కొడుకులు మేజర్లయ్యే కాలం.

ఉప్పెన చెప్పిన లెక్క

1977 నవంబరు 19 రాత్రి దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. కనీసం పదివేల మంది పోయారు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఎవరి ఇళ్ళు ఆ రాత్రి కొట్టుకుపోయాయో దివి జనానికి చెప్పనక్కరలేదు. మిద్దె ఉన్నవాడు మిద్దె ఎక్కాడు. పాకలో ఉన్నవాడు తాటిచెట్టు పట్టుకున్నాడు, పట్టు జారినవాడు పోయాడు. కూలీలు, జాలర్లు, పాలేర్లు, వారి పిల్లలు శవాలై తేలారు.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు? తుపాను వచ్చిన ప్రతిసారీ 'రైతు నష్టం' అనే మాట వినపడుతుంది. పంట నష్టం పట్టా ఉన్నవాడి పేర రాస్తారు. కౌలుదారుకు పట్టా లేదు, నష్టం మాత్రం అతనిదే. మక్తా ముందే కొలిచి ఉంటాడు లేదా కొలవక తప్పదు. కూలికి పంటే లేదు, కనుక 'పంట నష్టమూ' లేదట! నలభై రోజుల పని పోయినవాడి పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. 'రైతు' అనే ఒక్క మాటతో ముగ్గురినీ కలిపి మాట్లాడితే డబ్బు చేరే చోటు మాత్రం ఒకటే అవుతుందన్నమాట.

2011లో కోనసీమలో పంట విరామం ప్రకటించినప్పుడు కూడా ఇదే చూశాం. గిట్టుబాటు ధర లేదన్నది నిజం. ఆ కోపమూ న్యాయమే. కాని పొలం బీడు పెడితే యజమానికి ఒక కారు పోయింది, కూలికి ఆ ఏడాది తిండే పోయింది. ఆ విరామం గురించి ఆలోచించేటప్పుడు కూలీని పిలిచి అడిగినవాడు ఎవడు?

1999: గుడివాడలో మరో చీలిక

ఇక మన కళ్ళ ముందు జరిగినదానికి వద్దాం. గుడివాడకు పక్కనే నిమ్మకూరు. అక్కడ పుట్టిన ఎన్.టి.రామారావు 1983లో గుడివాడ నుంచి శాసనసభకు గెలిచారు. కిలో రెండు రూపాయల బియ్యం కూలి జనం మనసులో ఆయనకు చోటు తెచ్చింది. 1995 ఆగస్టులో తెలుగుదేశం చీలి, చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరిలో రామారావు మరణించారు. ఆ ఏడాదే రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. 1997లో మద్యనిషేధం ఎత్తివేశారు. జనంలో కోపం ఉంది. కోపానికి కారణమూ ఉంది.

ఆ కోపం మీద రెండు చిన్న పార్టీలు లేచాయి. ఒకటి లక్ష్మీపార్వతి నాయకత్వాన ఎన్టీఆర్ తెలుగుదేశం. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దానికి ఓట్లు పడ్డా సీటు రాలేదు. రెండోది 1999 జనవరిలో నందమూరి హరికృష్ణ పెట్టిన అన్న తెలుగుదేశం. అంతకు ముందు ఆయన చంద్రబాబు మంత్రివర్గంలో రవాణా మంత్రి. తండ్రి ఆశయాలు, పేదవాడి బియ్యం, రైతుకు అండ అన్న మాటలతో ఆయన గుడివాడలోనే పోటీ చేశారు. ఓడిపోయారు. పార్టీకి రాష్ట్రంలో ఒక్క స్థానమూ రాలేదు. కాలక్రమేణా ఆయన తెలుగుదేశానికే తిరిగివచ్చి 2008లో రాజ్యసభకు వెళ్ళారు.

కృషికార్ లోక్ పార్టీకీ దీనికీ పోలిక ఉంది, తేడా కూడా ఉంది. రంగా వెనుక ఒక వర్గం, ఒక సిద్ధాంతం, పాతికేళ్ళ రైతు ఉద్యమం ఉన్నాయి. అన్న తెలుగుదేశం వెనుక ఒక కుటుంబం, ఒక జ్ఞాపకం మాత్రమే ఉన్నాయి. అందుకే మొదటిది నాలుగేళ్ళు నిలిచి బేరం ఆడగలిగింది, రెండోది ఒక్క ఎన్నికతో ముగిసింది. పోలిక ఏమిటంటే రెండింటిలోనూ చీలిక పైన పుట్టింది. పేదవాడి కష్టాన్ని అది సృష్టించలేదు, తీర్చనూ లేదు. దాన్ని అరువు తెచ్చుకుని జెండా కట్టుకుంది.

ఇక్కడ మన తప్పు కూడా మనం ఒప్పుకోవాలి. 1996లో వామపక్షాలు చంద్రబాబు తెలుగుదేశంతో కలిసి నడిచాయి. రెండు రూపాయల బియ్యం ధర పెరిగిన రోజున పేటల్లో కూలి జనం మనవైపు చూసి "మీరు కూడా ఆళ్ళతోనేగా?" అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పడానికి మన కార్యకర్తలు ఎంత ఇబ్బంది పడ్డారో మనకు గుర్తుంది. అవతలివాడి చీలికల్లో పాఠం వెతికేవాడు తన పొత్తుల్లోనూ వెతకాలి.

నేటి సంగతి

రాష్ట్రంలో ఇప్పుడు పెద్ద పార్టీల పుట్టుక చూస్తే అందులోనూ చీలికలే కనపడతాయి. 2011లో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ కాంగ్రెసు నుంచి చీలి వచ్చినదే. 2020 సెప్టెంబరులో కేంద్రం మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు ఆ పార్టీ పార్లమెంటులో వాటిని బలపరిచింది. తెలుగుదేశం కూడా ఎదురు నిలవలేదు. ఊళ్ళో ఒకరి నీడ ఒకరు తొక్కని రెండు పార్టీలు ఢిల్లీలో ఒకే గట్టున నిలబడ్డాయి. ఆ చట్టాలను వెనక్కి కొట్టింది ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు కూర్చున్న రైతులు. 2021లో అవి రద్దయ్యాయి. 1955 పాఠం మళ్ళీ చదివినట్టు లేదూ?

ఇక కౌలుదారు. 2006లో కోనేరు రంగారావు కమిటీ భూసమస్యలపై 104 సిఫార్సులు చేసింది. 2011లో కౌలుదార్లకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. అందులో యజమాని సంతకం అడగలేదు. అయినా బ్యాంకు గుమ్మం దగ్గర కార్డు పెద్దగా చెల్లలేదు. 2019లో ఆ చట్టం తీసి మరొకటి పెట్టి, పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం ఉండాలన్నారు. సంతకం పెడితే పొలం పోతుందని యజమాని భయం. పెట్టమంటే మరుసటి ఏడు కౌలు పోతుందని కౌలుదారు భయం. ఒక ప్రభుత్వం ఇచ్చిన చట్టం, మరో ప్రభుత్వం మార్చిన చట్టం – మధ్యలో ప్రభుత్వాలు మారాయి, పార్టీలు చీలాయి, కలిశాయి, మాటిమాటికీ 'రైతు ప్రభుత్వం' అన్నారు. కృష్ణా డెల్టా పదమూడు లక్షల ఎకరాల్లో దుక్కి దున్నేవాడికి మాత్రం తాను దున్నుతున్నానన్న కాగితం దొరకడం గగనమైంది. కేంద్రం ఇచ్చే ఆరు వేల సాయం కూడా పట్టా ఉన్నవాడి ఖాతాకే పోతుంది.

కూలి పరిస్థితి సరేసరి. కోతకు యంత్రం వచ్చింది, కుప్ప నూర్పిడి పోయింది. గుడివాడ, కైకలూరు, బంటుమిల్లి వైపు మాగాణి చెరువులైంది. పది ఎకరాల వరికి ఊరంతా వంగాలి, పది ఎకరాల చెరువుకు కాపలా మనిషి ఒకడు చాలు. పక్క పొలం చౌడు దేలి చిన్న రైతు కూడా చెరువుకే ఇచ్చేస్తున్నాడు. కాలవ చివరి ఊళ్ళకు, కృత్తివెన్నుకూ కోడూరుకూ, నీరు ఆలస్యంగా వస్తే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే పని రోజులు తగ్గుతాయి. చివరి భూమికి నీరు రావడం పట్టాదారు సమస్య మాత్రమే కాదు, కూలి సమస్య కూడా. ఈ విషయం మన సంఘాలు ఇంకా గట్టిగా పట్టుకోవలసి ఉంది.

ఎలా తూచాలి?

కాబట్టి "ఎటుండాలి అన్నా?" అన్న ప్రశ్నకు మేము చెప్పే జవాబు ఇది. చీలి వచ్చినవాడిని దూరం నుంచే తిట్టవద్దు, దగ్గరికి పోయి నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి – నువ్వు బయటికి వచ్చింది దేని మీద? పదవి మీదా, పద్ధతి మీదా? పద్ధతి మీద అయితే నిన్నటిదాకా ఆ పద్ధతికి చెయ్యెత్తింది ఎవరు?

రెండు – నీ నోట 'రైతు' అంటే ఎవరు? యజమాని సంతకంతో నిమిత్తం లేకుండా సాగు చేసేవాడికి గుర్తింపు కార్డు, అప్పు, పంట నష్టం ఇప్పిస్తానని రాతపూర్వకంగా అంటావా?

మూడు – ఈ ఊళ్ళో నీ పార్టీ జెండా మోసే ఆసామి నాట్ల కూలి ఎంత ఇస్తున్నాడు? ఆడమనిషికీ మగమనిషికీ ఎంత తేడా పెడుతున్నాడు? ప్రణాళికలో మాట తర్వాత చూద్దాం, ముందు గట్టు మీద మాట చెప్పు.

నాలుగు – రేపు పేదల భూమి ప్రశ్న లేస్తే, నువ్వు ఎవరి నుంచి చీలి వచ్చావో వాళ్ళతోనే మళ్ళీ కలవవని హామీ ఏమిటి?

నాలుగు ప్రశ్నలకూ సరైన జవాబు చెప్పినవాడితో ఆ పని వరకు కలిసి నడవవచ్చు. 1954లో గీత కార్మికుల డిమాండు న్యాయమైనదే కనుక దాన్ని బలపరచడం తప్పు కాదు. ఆ ఒక్క ఓటు తేడాను చూసి చెలిమి శాశ్వతమనుకుంటేనే తప్పు. పని వరకు పొత్తు, వర్గం విషయంలో కనువిప్పు. ఈ రెండూ కలిపి పట్టుకున్నవాడికే చీలిక వల్ల ప్రయోజనం.

ఇంకొక మాట కూడా చెప్పాలి. 1955లో 'సెంటు భూమి కూడా మిగలదు' అన్న ప్రచారాన్ని నమ్మిన అరెకరం రైతు మన శత్రువు కాడు. అతన్ని మోతుబరి వైపు పోనిచ్చింది కొంత మన లోపమే. కూలి రేటు పెంచమన్నప్పుడు రెండెకరాల రైతు గుండె కూడా బరువెక్కుతుంది. అతని ధాన్యానికి ధర, అతని అప్పుకు వడ్డీ, అతని చేనుకు నీరు – ఈ మూడింటి కోసం మనం అతని పక్కన నిలబడితేనే రేపు అతను మన కూలి ఉద్యమం పక్కన నిలబడతాడు. అది మనం చేయని చోట 'రైతు పార్టీ' పేరుతో మరొకడు వచ్చి అతన్ని భుజాన ఎక్కించుకుపోతాడు. చేసిన చోట ఎన్ని చీలికలు వచ్చినా అతను కదలడు.

పని అంతా ఎన్నికల ముందు చేసేది కాదు. సార్వా నాట్లకు ముందే ప్రతి పేటలో కూర్చుని కూలి రేటు ఒక్కటిగా నిర్ణయించుకోవాలి. ఊళ్ళో ఎవరు ఎంత కౌలు చేస్తున్నారో సంఘం తన పుస్తకంలో తానే రాసుకోవాలి. అధికారి రాయకపోయినా మన దగ్గర లెక్క ఉండాలి. కాలవ చివరి ఊళ్ళవాళ్ళు ఎవరికి వారు ఇంజనీరు దగ్గరకు పోకుండా పట్టాదారు, కౌలుదారు, కూలీ కలిసి పోవాలి. ఆడకూలీల మాట సంఘం పుస్తకంలో చివరి పేజీ కాక మొదటి పేజీ కావాలి.

కృషికార్ లోక్ పార్టీ పోయింది. స్వతంత్ర పార్టీ పోయింది. అన్న తెలుగుదేశం పేరు గుడివాడలో కూడా తలుచుకునేవారు తక్కువ. రేపు మరొకటి పుడుతుంది, దానికీ నాగలో, కంకో, నేత బొమ్మో గుర్తు ఉంటుంది. పేర్లు మారతాయి. మారనిదొక్కటే, వంగి నాటు వేసేవాడికి తన సంఘం ఉందా లేదా అన్న ప్రశ్న. సంఘం ఉన్న ఊళ్ళో చీలి వచ్చిన పార్టీ మన దగ్గరకు వచ్చి మాట్లాడుతుంది. సంఘం లేని ఊళ్ళో మనల్ని లెక్కేసుకుని పోతుంది.

"ఎటుండాలి అన్నా?" అంటే – ముందు మనం ఒకచోట ఉండాలి తమ్ముడూ. అప్పుడు ఎవరు ఎటున్నారో మనకు కనపడుతుంది.